బావగారి ఈగ, నా చెంచా

మొన్న ఐసెలిన్‌లో కూరగాయల కొట్టులో దొండకాయలూ గోంగూరా బల్ల మీద పెట్టి, పర్సు కోసం పాత కోటు జేబులో చెయ్యి పెట్టానో లేదో, చూపుడువేలికి చురుక్కుమని ఏదో గుచ్చుకుంది. తేలు కుట్టినంత పనయిందని రాద్దామనుకున్నాను గానీ అంత లేదు, చీమ కుట్టినట్టయింది, అంతే. బయటికి తీస్తే చిన్న గాలపు ముల్లు. దానికి బూడిదరంగు దారం చుట్టి, రెండు ఈకపోగులు కట్టి, ఏటి మీద వాలే పురుగులా తయారుచేసిన ఈగ. ట్రౌట్ చేపల్ని మోసం చెయ్యడానికి మనిషి కట్టిన ఈగ అన్నమాట, నువ్వుగింజ కంటే కాస్త పెద్దది. బిల్లు కొట్టే అమ్మాయి "అంకుల్, ఆర్ యూ ఓకే?" అంటూ టిష్యూ అందించింది. నేను ఓకేనే గానీ, మనసు మాత్రం ఆ వరుసలోంచి జారుకుని పడమటి జెర్సీ కొండల మధ్య పారే ఒక ఏటి దగ్గరికి వెళ్లి కూర్చుంది.

నాకీ చేపల పిచ్చి రెండు వేల ఒకటిలో పట్టింది. ఆ ఏడాది మా కంపెనీ చాలామందితో పాటు నన్నూ ఇంటికి పంపించేసింది. రోజూ పొద్దున్నే ఎడిసన్‌లో రైలెక్కి రాత్రికి గానీ రాని మనిషి పగలంతా వంటింట్లో తిరుగుతూ పోపు ఎలా వెయ్యాలో సలహాలు చెబుతుంటే ఏ ఇల్లాలు భరిస్తుంది? మా ఆవిడ ఎక్కడికైనా వెళ్లిరమ్మంది. పక్కింటి పెద్దాయన జాలిపడి ఒక పాత గాలపు రాడ్డూ, నాలుగు లూర్లూ ఇచ్చాడు. లూర్ అంటే ఈగలాంటి సుకుమారమైన వ్యవహారం కాదు. చెంచా తలలా వంపు తిరిగిన మెరిసే రేకు, దాని చివర కొక్కెం. ఇక్కడివాళ్లు దాన్ని స్పూన్ అనే అంటారు కనుక నేను చెంచా అన్నాను. నీళ్లలోకి విసిరి లాగుతుంటే అది మెలికలు తిరుగుతూ తళుక్కుమంటుంది. ఆకలున్న చేప దాన్ని చేపపిల్ల అనుకుని కరుస్తుంది, ఆకలి లేనిది దీని ఆర్భాటం చూసి ఒళ్లుమండి కరుస్తుంది. ఉన్నదానికంటే ఎక్కువగా మెరవడమే దాని పద్ధతి కాబట్టి నాకూ దానికీ ఇట్టే కుదిరింది. తర్వాత ఉద్యోగం దొరికినా, ఆదివారాలు చెంచాని వదల్లేదు.

అయిదారేళ్లు గడిచాక మా అమ్మాయి తనతో మాస్టర్స్ చదివిన అబ్బాయిని చేసుకుంటానంది. మా ఆవిడ సరేనంది. అబ్బాయి తల్లీ సరేనంది. అబ్బాయి తండ్రి మాత్రం ఔననలేదు, కాదనలేదు. ఆయన డెబ్బైల్లో గుంటూరు నుంచి వచ్చి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ పిల్లల డాక్టరు. పసివాళ్లతో తప్ప పెద్దవాళ్లతో పెద్దగా మాట్లాడరని ప్రతీతి. ఆయనకున్న ఒకే ఒక సరదా, భూతద్దం పెట్టుకుని ఈగలు కట్టడం, వాటితో ట్రౌట్లు పట్టడం. ఆయన నోటివెంట మాట రానిదే ముహూర్తం పెట్టుకోనని అబ్బాయి పట్టుబట్టాడు. మా అమ్మాయి పైకి నవ్వుతూనే ఉండేది గానీ కంచంలో అన్నం కెలికి లేచిపోయేది.

అలాంటి సమయంలో ఆయనతో మొదటిసారి ఫోన్లో మాట్లాడుతూ, మాటలు సాగక, ఇరవై ఏళ్లుగా నేనూ ఈగలతోనే చేపలు పడుతున్నాననీ, ఆ చెంచాలూ అవీ చూస్తేనే నాకు గిట్టదనీ కోసేశాను. ఆయన వెంటనే, ఆదివారం ఏటి దగ్గరికి రమ్మన్నారు.

మన వయసువాళ్లకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పిల్లలు ఒకర్నొకరు ఎప్పుడో చూసుకున్నారు, ఇక పెళ్లిచూపులు మిగిలింది మా ఇద్దరికే. రెండువైపుల తండ్రులూ "బావగారూ" అని పిలుచుకున్నారంటే సంబంధం ఖాయమైనట్టు. "ఏవండీ" దగ్గర ఆగితే ఇంకా ఊగుతున్నట్టు. పైగా ఆ పిలుపు మగపిల్లవాడి తండ్రి నోట ముందు రావాలి. ఆడపిల్ల తండ్రి తొందరపడి అంటే, మీదపడ్డట్టు ఉంటుంది.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ పులిహోర డబ్బా చేతికిస్తూ హితబోధ చేసింది.

"వాళ్లు మగపెళ్లివారు, గుర్తుంచుకోండి. ఆయన ఒకటి పడితే మీరు సున్నా పట్టండి. ఆయన సున్నా పడితే మీరసలు గాలం విప్పొద్దు."

"అంటే చెంచాగిరీ చెయ్యమంటావా?"

"మీ డిక్కీలో ఉన్న చెంచా బయటికి తియ్యొద్దంటున్నా."

మెట్ల మీంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. "నాన్నా, ప్లీజ్. అక్కడ బిల్డప్ ఇవ్వకు."

ముందురోజు రాత్రి కొండల్లో బాగా వాన కురిసినట్టుంది, ఏరు పాలు తక్కువైన టీ రంగులో పారుతోంది. ఆయన నడుం దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని నీళ్లలోకి దిగి, ఒక రాయిని తిరగేసి, దానికంటుకున్న పురుగుల్ని నాకు చూపించి, తన పెట్టెలోంచి అచ్చం అలాంటి ఈగనే తీసి నా చేతికిచ్చారు. అప్పటికే ఏట్లో ఉన్నదాన్నే చేపకి చూపించాలి గానీ లేనిదాన్ని చూపించి మభ్యపెట్టకూడదని ఒక్క వాక్యం మాట్లాడారు. అది ఈగల గురించో, నా గురించో తేల్చుకోలేకపోయాను. తనకున్న రెండో రాడ్డు కూడా ఇచ్చారు. మొదటిసారి విసిరితే ఈగ వెనకున్న చెట్టు కొమ్మకి తగులుకుంది. రెండోసారి నా టోపీకే తగులుకుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి టోపీలోంచి ముల్లు పీకుతూ ఆయన ఓ నిట్టూర్పు విడిచారు.

మధ్యాహ్నం దాకా ఇద్దరికీ ఒక్క చేప తగల్లేదు. ఆ మురికి నీళ్లలో అంత చిన్న ఈగ చేపకి ఎలా కనిపిస్తుంది? ఆ సంగతి నాకు తెలుసు, చెబితే చెంచా గుట్టు బయటపడుతుందని ఊరుకున్నాను. ఆయన మొహం చిన్నబోతోంది. ఆ చిన్నబోయిన మొహంతో ఇంటికెళ్లి ఏ కబురు పంపిస్తారో, ఆ కబురు మా అమ్మాయి ఎలా వింటుందో అనుకుంటూ నా వంతు పులిహోర కూడా ఆయనకే పెట్టేశాను. తిన్నాక ఆయన ఏటి మలుపు దాటి అవతలికి వెళ్లారు. నేను మంచివాణ్ని కావడానికి పది నిమిషాలు గట్టిగా ప్రయత్నించాను. తర్వాత కారు దగ్గరికి పరిగెత్తి డిక్కీ తెరిచాను.

మొదటి విసురుకే పడింది. మోచెయ్యంత చేప! సరే, జానెడు. జానెడుకి ఓ రెండు వేళ్లు ఎక్కువ, అంతకంటే తగ్గించమంటే నా వల్ల కాదు. దాన్ని వలలోకి తీసి తలెత్తేసరికి ఆయన మలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఈగకే పడిందందామంటే, చేప పెదవికి నా చెంచా ఓక్‌ట్రీ రోడ్డు నగల కొట్టులో జూకాలా వేలాడుతూ ధగధగలాడుతోంది.

"ఈగతో పట్టడం నాకు రాదండీ," అన్నాను. "ఫోన్లో కోశాను. నాకున్న విద్య ఇదొక్కటే."

ఆయన దగ్గరికొచ్చి చేపని చూశారు, చెంచాని చూశారు, నన్ను చూశారు. మా అమ్మాయికి ఏం మొహం పెట్టుకుని చెప్పాలా అని అప్పటికే మాటలు కూర్చుకుంటున్నాను.

"పొద్దున్నుంచీ చెప్పరేవండీ మరి?" అన్నారు చివరికి. చేప పెదవి నుంచి కొక్కెం నేర్పుగా తప్పించి, దాన్ని నీళ్లలోకి వదిలేసి, నా పాత రాడ్డు కోసం చెయ్యి చాపారు. "ఒకసారి ఇలా ఇవ్వండి, బావగారూ."

ఆయనకి ఆ పూట నాలుగు పడ్డాయి. ఇంటికెళ్లి పన్నెండని చెప్పాను, మా ఆవిడ మూడో వంతుకి తగ్గించి సరిగ్గానే లెక్కేసుకుంది. బావగారు నా దగ్గర ఒకే ఒక్క మాట తీసుకున్నారు, చెంచా సంగతి వాళ్లబ్బాయికి చెప్పొద్దని. పెళ్లయిపోయి, పిల్లలు సన్నీవేల్ వెళ్లిపోయాక కూడా మేం ఏటా వసంతంలో ఆ ఏటికి వెళ్తూనే ఉన్నాం. నీళ్లు మసకగా ఉంటే నా చెంచా, తేటగా ఉండి చేపలు పురుగుల కోసం పైకి లేస్తుంటే ఆయన ఈగ, అంతకుమించి మాకు శాస్త్రం లేదు. ఆయన ఓపిగ్గా నేర్పితే నాకూ ఈగ విసరడం వచ్చింది. ఇక్కడ అద్భుతంగా వచ్చిందని రాసి కొట్టేశాను. టోపీకి తగలకుండా విసరడం వచ్చింది.

పోయిన వసంతంలో వెళ్లినప్పుడు నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపలు బుడుంగుబుడుంగుమని పైకి లేస్తున్నాయి. ఈగ వెయ్యడానికి అంతకంటే మంచిరోజు ఉండదు. నేను ఆయనే కట్టిన ఈగ ఒకటి తీసి దారానికి ముడి వెయ్యబోతుంటే, పక్కనుంచి బావగారు చెయ్యి చాపారు.

"చెంచా తెచ్చారా, బావగారూ? ఈగ నాకు కనబడట్లేదు. అదైతే తళుక్కుమంటుంది."

రెండేళ్లుగా ఆయన చూపు తగ్గుతోందని తెలుసు గానీ, ఇంతగా తగ్గిందని ఆ రోజే తెలిసింది. ఈగని ఆయనకి కనబడకుండా కోటు జేబులో వేసుకుని, డిక్కీలోంచి పాత రాడ్డు తెచ్చి చెంచా కట్టాను. ఒకే రాడ్డుతో ఒకరి తర్వాత ఒకరం సాయంత్రం దాకా విసిరాం. అంత తేటనీళ్లలో దాన్ని నమ్మే చేప ఏదీ లేదు. ఆయన మాత్రం చెంచా మెరిసినప్పుడల్లా అదిగో, అదిగో అంటూ వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నారు.

ఈ మధ్య ఎవరింటి పెళ్లికెళ్లినా రెండువైపుల తండ్రులూ మొదటిరోజే పేర్లు పెట్టి పిలుచుకుంటూ భుజాలు తట్టుకుంటున్నారు. మంచిదే, ఎవరికీ అన్నం సయించని రోజులు లేవు. కాకపోతే ఒక్క పిలుపు కోసం నడుం లోతు నీళ్లలో పొద్దంతా నిలబడడం ఎలా ఉంటుందో వాళ్లకి తెలియదు. కొట్టులోంచి వచ్చాక ఆ ఈగని కోటు జేబులోనే జాగ్రత్తగా పెట్టేశాను. ఆ రోజు చేపలు చుట్టూ లేస్తుంటే నేను దాన్ని బయటికి తియ్యలేదని చెబితే మా ఆవిడ నమ్మలేదు. పోయినసారి ఆయనకెన్ని, మీకెన్ని అని అడిగింది. ఆయనకి సున్నా, నాకూ సున్నా. ఈ లెక్కలో మాత్రం తగ్గించుకోవాల్సిందేమీ లేదు.