మట్టి చేతులకే సిస్టం

సూర్యాపేటలో చేతులు శుభ్రంగా కడుక్కొని వచ్చినవాళ్లను మెట్ల మీది నుంచే వెనక్కి పంపే నెట్ సెంటర్ ఒక్కటే ఉండేది. అది ఈశ్వరమ్మది. మిగతా సెంటర్లలో గోడ మీద ‘చెప్పులు బయట విడవండి’ అనో, ‘అరువు లేదు’ అనో రాసి ఉంటే, ఈమె గోడ మీద మాత్రం బొగ్గుముక్కంత లావు అక్షరాలతో ‘మట్టి చేతులున్నోళ్లకే సిస్టం’ అని ఉండేది.

ఈ రూలు ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, మొక్కల క్లాసుకు వచ్చే చిన్నపిల్లలకు మాత్రమే. కానీ ఈశ్వరమ్మకు ఊపు మీద ఉన్నప్పుడు ఆదివారమా బుధవారమా అన్న పట్టింపు ఉండేది కాదు. ఒకసారి ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకాయన తెల్లచొక్కా టక్కు చేసుకొని ప్రింటు కోసం వస్తే, గుమ్మంలోనే ఆపింది.

“చేతులు సూపెట్టు.”

“ఎందుకమ్మా?”

“ఏంది, గింత తెల్లగున్నయ్? పో, కింద కుండీల చెయ్యి పెట్టి రాపో.”

ఆయన నిజంగానే పోయి పెట్టి వచ్చాడు. ఈశ్వరమ్మ గొంతు అలాంటిది. ముప్ఫై ఏళ్లు నాగార్జునసాగర్ దగ్గర ప్రభుత్వ నర్సరీలో సూపర్‌వైజరుగా లక్షల మొక్కలను, వందల మంది కూలీలను నిలబెట్టిన గొంతు.

ఈ మొత్తం వ్యవహారంలో నలిగిపోయింది రజని. డిగ్రీ అయిపోయాక తిరుమలగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి ఈ సెంటర్లో ఆపరేటరుగా చేసేది. రజనికి దుమ్ము పడదు. మౌసును తుడిచిన గుడ్డను ఉతికి, ఉతికిన చేతిని మళ్లీ తుడుచుకునే రకం. అలాంటి పిల్ల ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆరు కీబోర్డులనూ పేపరు మీద బోర్లించి తట్టి, పాత బ్రష్షుతో సందుల్లోని మట్టి దులుపుకోవాల్సి వచ్చేది.

“పెద్దమ్మా, అసలు గీ రూలు ఎందుకు పెట్టినవ్?” అని అడిగింది ఒకరోజు.

“మట్టి చేతులతోని ముట్టుకుంటె కరెంటు షాకు కొట్టది.”

ఇంకో వారం అడిగితే, “మౌసు జారకుంట ఉంటది” అంది. మూడోసారి అడిగితే చాలా సీరియస్‌గా కళ్లజోడు సర్దుకొని, “మట్టి ఉన్నకాడికి వైరస్ రాదు బిడ్డా” అంది. ఆ జవాబు విన్న ఇద్దరు ఇంటర్ పిల్లలు నిజంగానే అరచేతుల్లో మట్టి రాసుకొని కూర్చున్నారు.

రెండు వేల పదిలో ఆ సెంటర్ తెరిచినప్పుడు, అది పెట్టిచ్చిన మేనల్లుడు జగదీశ్ అనుకున్నది వేరు. రిజల్ట్స్, హాల్ టికెట్లు, ఫోటో ప్రింట్లు, అత్తకు కాలక్షేపం. ఈశ్వరమ్మ మాత్రం మొదటి నెలలోనే చిన్నపిల్లలకు మొక్కల గురించి నేర్పే ఆట ఒకటి నెట్‌లో కనిపెట్టింది. తెర మీద నవ్వుతున్న గింజ. బకెట్టు బొమ్మ నొక్కితే నీళ్లు పడతాయి, సూర్యుడిని నొక్కితే ఎండ కాస్తుంది, నిమిషంలో పువ్వు పూసి చప్పట్లు మోగుతాయి. ఆట మొత్తం ఇంగ్లీషులో. ఈశ్వరమ్మకు వచ్చిన ఇంగ్లీషు నర్సరీ రిజిస్టరు మందం. అయినా బెదరలేదు. పిల్లల వెనక నిలబడి, “అగో, దాహమైతుందంటున్నది, నీళ్లు పొయ్యి!” అని అరిచేది.

గింజ పూయగానే మెయిన్ స్విచ్చు ఆపేసేది.

“కంప్యూటర్ల పూసింది. ఇగ బయట పూయించుండ్రి.”

బయట అంటే పిట్టగోడ వెంబడి వరసగా పెట్టిన పాడైపోయిన సీపీయూ డబ్బాలు. లోపలి సామాను పీకేసి, మట్టి నింపి, ఒక్కో పిల్లకు ఒక్కో డబ్బా ఇచ్చింది. అందరూ చిక్కుడు గింజలు పెట్టారు. నిమిషం గడిచింది. పది నిమిషాలు గడిచాయి. మొలక లేదు. ఒక పిల్లవాడు ఏడుపు మొహంతో వచ్చి, “మేడం, నా డబ్బా హ్యాంగైంది” అన్నాడు.

ఇంకొందరు తొందరగా పూయాలని బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించారు. ఆ నీళ్లు స్లాబులోంచి జారి కింద హీరాలాల్ బట్టల దుకాణంలో తెల్ల పంచెల కట్టల మీద పడ్డాయి. బిల్డింగు కూడా ఆయనదే. పరుగున పైకి వచ్చాడు.

“అరే ఈశ్వరమ్మా! నా దుకాణంల వాన పడ్తున్నదమ్మా!”

“మంచిదే కద సేటూ. బయట యాడ పడ్తలేదు.”

ఆయన వచ్చే నెల ఖాళీ చేయమని చెప్పి పోయేవాడు. ఏడాది పాటు ప్రతి నెలా అదే మాట చెప్పాడు.

రజనిని నిజంగా కుంగదీసింది మాత్రం ఒక సోమవారం పొద్దున. మూడో నంబరు కీబోర్డులో జీ అక్షరానికీ హెచ్ అక్షరానికీ మధ్య ఆవమొలక తలెత్తి నిలబడింది. రజని బ్రష్షు తీసేలోపే ఈశ్వరమ్మ పరుగెత్తుకొచ్చి అడ్డం పడింది. మొలక రెండాకులు వేసేదాకా, అంటే పది రోజులు, ఆ కీబోర్డుకు సెలవు. ఊళ్లోని సగం మంది పిల్లలు వచ్చి చూసిపోయారు.

పిల్లల్లో మట్టి కొరత లేనిది నీలా ఒక్కతే. ఎనిమిదేళ్ల పిల్ల. ఊరి చివర గుడిసె. తండ్రి వీరేశం గొర్ల మందను రాత్రిళ్లు రైతుల చేలల్లో పడుకోబెట్టేవాడు. ఎరువు దొరుకుతుందని రైతులే పిలిచి పెట్టించుకునేవాళ్లు. బడి లేనప్పుడు నీలా గొర్లకు ఆకు కోసేది. ఆమె చేతులు చూడగానే ఈశ్వరమ్మ, “రా బిడ్డ, రా! మొదటి సిస్టం నీదే” అనేది. మిగతావాళ్లు కుళ్లుకునేవాళ్లు.

ముఖ్యంగా రైసుమిల్లు వాళ్ల అలేఖ్య. వాళ్లింట్లో వాకిలి కూడా గ్రానైటే. మట్టికి ఎక్కడికి పోవాలి? ఒక ఆదివారం తెలివిగా, పాలలో కలుపుకునే చాక్లెట్ పొడిని తడిపి రెండు చేతులకూ పూసుకొని వచ్చింది. ఈశ్వరమ్మ ఆ చేతిని పట్టుకొని, వేలితో రాసి, వాసన చూసి, నాలుక మీద వేసుకుంది. ఆమె మట్టిని నలిపి ఇది తిరుమలగిరి చెలకదా, త్రిపురారం కాలువ కిందిదా అని చెప్పగలిగిన మనిషి.

“ఇది ఏ ఊరి మట్టే? బాగ తియ్యగున్నది.”

అందరూ ఘొల్లుమన్నారు. అలేఖ్య తల వంచుకొని నీలా దగ్గరికి పోయింది.

“నీలా, జర నీ మట్టి ఇస్తవా?”

నీలా దర్జాగా తన డబ్బాలోంచి చిటికెడు తీసి అలేఖ్య అరచేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే కుర్చీలో సగం సగం కూర్చున్నారు.

మరుసటి ఏడాది పిల్లల సైన్స్ వెబ్‌సైట్ ఒకటి హైదరాబాద్ నుంచి మొదలైంది. ప్రతి వారం తమ మొక్క ఫోటో, ఎత్తు అందులో పెట్టాలి. పన్నెండు ఊళ్ల పిల్లలు పెడుతున్నారు. సూర్యాపేట చిక్కుడుతీగలను స్కేలుతో కొలవడం మానేసి, హీరాలాల్ దుకాణంలోని మీటరు కర్ర అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. నీలా తీగ పిట్టగోడ దాటి కిందికి దిగి ‘హీరాలాల్ వస్త్రాలయం’ బోర్డు మీద పాకింది. ‘హీరా’ ఆకుల కింద పోయి ‘లాల్ వస్త్రాలయం’ మిగిలింది. జనం వచ్చి ఎర్రబట్టలే అమ్ముతరా అని అడగడం మొదలుపెట్టారు.

చివరి వారం వెబ్ కెమెరాలో అన్ని ఊళ్ల పిల్లలతో మాట్లాడతామని, ఊరికి కనీసం పది మంది పిల్లలుండాలని, ఒకరు తమ మొక్క గురించి చెప్పాలని కబురు వచ్చింది. ఈశ్వరమ్మ నీలా పేరు రాయమంది. ఆ సాయంత్రమే అలేఖ్య తల్లి అనురాధ కారు దిగింది.

“మేడం, మా పాప ఇంగ్లీషు మంచిగ మాట్లాడుతది. కెమెరా ముందల ఆమెను కూసోబెట్టుండ్రి. ఆ ఒక్కరోజన్న పిల్లలందరిని చేతులు కడుక్కోమనుండ్రి. మన సూర్యాపేట ఇజ్జత్ ఏం గావాలె?”

“ఎవరి తీగ పొడుగున్నదో వాళ్లే చెప్తరమ్మా. చేతులు కడిగినోళ్లకు కుర్చీ లేదు.”

“అయితే మా కాలనీ పిల్లలెవ్వరు రారు.”

నిజంగానే రాలేదు. ఆ ఆదివారం నలుగురే వచ్చారు. రజని ఖాళీ కుర్చీలు లెక్కపెట్టి, మొదటిసారి శుభ్రంగా ఉన్న కీబోర్డులను చూసింది. ఏడాదిగా కోరుకున్నది అదే. కానీ బ్రష్షు పక్కన పెట్టి ఈశ్వరమ్మ దగ్గరికి పోయింది.

“పెద్దమ్మా, ఒక్కరోజుకు రూలు తీసేద్దాం. పది మంది లేకుంటె మనల్ని తీసేస్తరు.”

“తీసేస్తె తీసేయనీ” అంది ఈశ్వరమ్మ. అయితే ఆ మధ్యాహ్నం ఆమె అన్నం సగంలోనే వదిలేయడం రజని చూసింది.

గురువారం అనురాధ మళ్లీ వచ్చింది. ఈసారి చేతుల్లో పూలకుండీ, వెనక కళ్లు వాచిన అలేఖ్య. కుండీలో అలేఖ్య ఇంట్లో పెంచుకుంటున్న చిక్కుడుమొక్క పసుపెక్కి తల వాల్చేసింది.

“రెండు రోజులసంది పిల్ల సరిగ అన్నం తింటలేదు. ఇది సస్తున్నదంట. నీలా తప్ప ఇంకెవ్వరు ముట్టుకోవద్దంట” అంది కాస్త నీరసంగా.

డబ్బాకు నీళ్లు పెట్టడానికి వచ్చిన నీలా కుండీ ముందు గొంతుక్కూర్చుంది. మట్టిలోకి వేలు దింపి, పైకి తీసి చూసింది.

“అక్కా, ఎన్నిసార్లు పోస్తున్నవ్ నీళ్లు?”

“మూడు పూటల” అంది అనురాధ.

“మొక్కకేం జ్వరమా అక్కా, మందు లెక్క మూడు పూటల పొయ్యనీకి? మునిగిపోతున్నది. వేలు పెట్టి సూడు. తడి తగిలితె పొయ్యొద్దు.”

అనురాధ అటూ ఇటూ చూసింది. చివరికి ఉంగరాలున్న చేతిని వేళ్ల కణుపుల దాకా ఆ బురదలోకి దింపింది.

“అవునే, లోపల బావి లెక్కున్నది!”

ఆమె చెయ్యి బయటికి తీయగానే ఈశ్వరమ్మ గబగబా కుర్చీ జరిపింది. “ఇగ కూసోండ్రి అమ్మా. మీకు కూడ సిస్టం ఇస్త.”

అనురాధ నవ్వకుండా ఉండాలని చాలా కష్టపడింది గానీ కుదరలేదు. ఆదివారం పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు, ఇరవై ఎనిమిది మట్టి చేతులతో.

నీలా కెమెరా ముందు కూర్చుంది. పక్కనే సగం కుర్చీలో అలేఖ్య. తెర మీద హైదరాబాద్ సారు కళ్లజోడు, చుట్టూ చిన్న చిన్న గడుల్లో వేరే ఊళ్ల పిల్లలు.

“పాపా, మీ తీగ ఒక్కటే అంత పొడుగు ఎలా పెరిగింది?” అన్నాడు సారు.

నీలా పక్కనున్న అలేఖ్య వైపు చూసింది. రజని కెమెరాను ఆమె వైపు సర్దింది. ఈశ్వరమ్మ పిట్టగోడ వైపు తిరిగి నిలబడింది.

“గొర్రె పెంట సారూ” అంది నీలా ఎట్టకేలకు.

వేరే ఊళ్ల గడుల్లో నవ్వులు. నీలా బెదరలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు కూడా. పచ్చిది వేస్తే వేరు మాడిపోతుందని, ఎండబెట్టి పొడి చేసి వేయాలని, వేరుకు జానెడు దూరంలో వేయాలని, వేసిన రోజు నీళ్లు తప్పనిసరి అని, చలికాలం మందకూ ఎండాకాలం మందకూ తేడా ఉంటుందని చెప్పుకుంటూ పోయింది. ఇంగ్లీషు బడి పిల్లలకు అర్థం కాలేదేమోనని అలేఖ్య మధ్యమధ్యలో ఇంగ్లీషులో చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. సారు పెన్ను తీశాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యో మొర్రో అంటోంది.

అదే సమయానికి నీళ్లు కారుతున్నాయని తిట్టడానికి పైకి వచ్చిన హీరాలాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెర మీద ఆ చిన్న పిల్లను, రాసుకుంటున్న పెద్ద సారును చూశాడు. తిట్టాల్సింది మరచిపోయాడు.

“అరే, ఆగనియ్యకుండ్రి! నేను జనరేటర్ ఏస్త!” అంటూ పంచె ఎగగట్టి మెట్లు దూకాడు. రెండు నిమిషాల్లో కిటికీలోంచి వైరు పైకి వచ్చింది.

తెర ఆరకముందే కరెంటు అందింది. నీలా కరెంటు పోయిందని గమనించనే లేదు, ఇంకా చెబుతూనే ఉంది. సారు మాట వినిపించింది.

“సూర్యాపేట! ఆ అమ్మాయిని మళ్లీ మొదటి నుంచి చెప్పమనండి. మిగతా ఊళ్లవాళ్లూ, మీరు కూడా రాసుకోండి.”

పదకొండు ఊళ్ల పిల్లలు తలలు వంచి రాసుకుంటుంటే, ఎవరో తన పేరు మైకులో చదివినంత గర్వంగా అనిపించింది రజనికి.

అందరూ వెళ్లాక హీరాలాల్ చాయ్ పంపించాడు, ఖాళీ చేయమన్న మాట లేకుండా. రజని గ్లాసు పట్టుకొని మళ్లీ అడిగింది.

“పెద్దమ్మా, ఇప్పుడన్న నిజం చెప్పు. గీ రూలు ఎందుకు పెట్టినవ్?”

ఈశ్వరమ్మ చాయ్ ఊదుకుంది. “మొదటి నెలల ఒక పిల్లొస్తె, చేతులు కడుక్కొని రాపో అని నువ్వే పంపిచ్చినవ్. యాదికున్నదా?”

రజనికి గుర్తు లేదు.

“పోయినామె రాలే. ఏమాయెనని నేను కిందికి పోయిన. బోరింగు కాడ కూసోని రాయి పెట్టి రుద్దుకుంటున్నది. ఆకు కోసే చెయ్యి, పసరు పట్టి నల్లగయింది. గది రుద్దితె పోతదా? ఎర్రగయినయ్ చేతులు, పోలే. ఆ పిల్ల నీలానే. ఆమె చేతులు మార్చుడు నాతోని గాదు. గోడ మీది రాత మార్చుడు అల్కగుండె. మార్చిన.”

రజని గ్లాసు కింద పెట్టి బ్రష్షు అందుకుంది. తర్వాత మెల్లగా అంది. “నాకెందుకు చెప్పలే మరి?”

“చెప్తె నువ్వు ఏడ్సుకుంట తుడుస్తవ్ కీబోర్డులు. తిట్టుకుంట తుడిస్తెనే మంచిగ తెల్లగయితయ్.”