వీపు మీది దూది

మీకొక మాట చెప్పాలి. నా వీపు మీద ఒక బరువు ఉంది. నవ్వకండి, నిజంగా వీపు మీదే. ఏళ్ల తరబడి ఒక మనిషి రోజూ సాయంత్రం ఆ వీపును ప్రేమగా దులుపుతున్నాడు. దులిపినకొద్దీ బరువు పెరుగుతోంది. ఆ మనిషికి చెప్పలేకపోయాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

బళ్లారిలో పత్తి జిన్నులో పని మాది. పత్తిలోంచి గింజను విడదీసే మిల్లు అన్నమాట. లోపల గాలంతా దూదే. కనుబొమల మీద, చెవుల్లో, మీసాల్లో దూది. సాయంత్రం గంట కొట్టాక గేటు దగ్గర ఒకరి వెనక ఒకరం నిలబడి ఒకరి వీపు ఒకరం దులుపుకునేవాళ్లం. ఎవడి వీపు వాడికి అందదు కదా. వెక్కిరింతలు, కబుర్లు అన్నీ అప్పుడే, మధ్యలో ఒక గట్టి చరుపు కూడా. నా వెనక ఎప్పుడూ తిప్పన్న ఉండేవాడు. బండ్రి అనే పల్లె నుంచి వచ్చినవాడు. ఇద్దరం ఒకే ఏడు చేరాం, ఒకే మిషను మీద పని నేర్చుకున్నాం.

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో మా పాత మేస్త్రి పని మానేశాడు. మిల్లు యజమాని షావుకారు నన్ను మేస్త్రిని చేశాడు. నన్నే ఎందుకు? తెలుగూ కన్నడమూ రెండూ చదవగలనని ఆయన అన్నాడు. నా గొంతు పెద్దదని మా ఆవిడ అంటుంది. ఏదైతేనేం, బ్రూస్‌పేటలో మైసూరుపాకు కొని అందరికీ పంచాను. తిన్నారు, చేతులు తుడుచుకున్నారు, "మేస్త్రప్పా" అన్నారు. నిన్నటిదాకా "రేయ్" అన్న నోళ్లే.

ఆ సాయంత్రం గేటు దగ్గర నా వంతుకు నిలబడ్డాను. ఎవరూ నా వీపు ముట్టుకోలేదు. తిప్పన్న కూడా చెయ్యెత్తి, ఆగి, ఆ చేతిని పంచెకు తుడుచుకుని పక్కకు తప్పుకున్నాడు. మేస్త్రి వీపు మీద చెయ్యి వేస్తే మర్యాద కాదని వాళ్లు అనుకున్నారు. మరి నేనేం అనుకున్నాను? నన్ను వెలివేశారనుకున్నాను. బ్రూస్‌పేట బజారంతా వీపు నిండా దూదితో నడిచాను. గడపలోనే మా ఆవిడ నన్ను తిప్పి చూసి, ఉన్ని కత్తిరించని గొర్రె వచ్చిందని పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత రోజూ అదే నవ్వు. నాకు లోపల ఎంత మండిపోయేదో ఆమెకేం తెలుసు.

మాలో మాకు ఒక ఏర్పాటు ఉండేది. మధ్యాహ్నం తిండి అయ్యాక వంతులవారీగా ఒకడు పత్తి కుప్ప వెనక కునుకు తీసేవాడు. ఆ చోటు కనిపెట్టింది నేనే, పత్తిని తొక్కి పరుపులా చేసిందీ నేనే. షావుకారు వస్తుంటే చూసినవాడు "బండ్లొచ్చె!" అని కేక వెయ్యాలి. పత్తి బండ్ల సంగతే కాబోలని ఆయన అనుకుంటాడు. ఈలోగా పడుకున్నవాడు లేచి మిషను దగ్గరికి వచ్చేస్తాడు.

ఒక మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. "ఏనప్పా మేస్త్రీ, నీ దోస్తులు నీ మాట వింటాండారా?" అని నవ్వుతూనే అడిగాడు. అప్పుడు కుప్ప వెనక ఉన్నది తిప్పన్న అని నాకు తెలుసు. తెలుసు అని మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే తెలియదని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. నేను కేక వెయ్యలేదు. ఆయన ఎప్పుడూ వచ్చే ముందువైపు వాకిలి వదిలేసి, కొత్త పత్తి చూపిస్తానని, ఎవరూ చూసి కేక వెయ్యకుండా, వెనక వాకిలి నుంచి కుప్ప దగ్గరికి తీసుకెళ్లాను. ఎందుకు? పని చక్కబెట్టాలనా? కాదు. నా వీపు ముట్టుకోని ఆ చెయ్యి ఒక్కసారి వణకాలని.

తిప్పన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మీసాల మీది దూది ఊపిరికి లేచి పడుతోంది. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది. షావుకారు కాలితో తట్టి లేపి, గేటు బయటికి పొమ్మన్నాడు. నాలుగు తిట్లు తింటాడనుకున్నాను గానీ పని పోతుందని నేననుకోలేదు. భయం పట్టుకుంది. కాళ్ల మీద పడినంత పని చేసి బతిమాలాను. చివరికి ఆయన మెత్తబడి, తిప్పన్నను మిషను మీద నుంచి తీసేసి గింజల గోడౌనులో బస్తాలు మొయ్యడానికి వేశాడు.

సాయంత్రం గేటు దగ్గర, అందరి ముందూ, తిప్పన్న నా మీదికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేది!

"తిరుగప్పా అట్ల," అన్నాడు.

"ఏందిరా?"

"తిరుగంటే తిరుగు. ఈపంతా దూదే ఉండాది." రెండు చేతులతో దులపడం మొదలుపెట్టాడు. "నువ్వు అడ్డం పడకపోయింటే నా పెండ్లాం బిడ్డలు యాడికి పోవల్ల? మేస్త్రి అయినంక మారిపోతివేమో అనుకొంటి. తప్పు నాదే. ఆ సావుకారికి ఎవుడు చెప్పినాడో గాని, వాని నోట్లో మన్ను పడ!"

"బిడప్పా, పోనీలే," అన్నాను.

అంతే నేనన్నది. మిగతావాళ్లు కూడా వచ్చి నా వీపు మీద చేతులు వేశారు. నేను కోరుకున్నది నాకు దొరికింది. శుభ్రమైన వీపుతో ఇంటికి వెళ్తే, నవ్వడానికి ఏమీ లేక మా ఆవిడ చిన్నబోయింది.

తిప్పన్న ఆ తర్వాత కొడుక్కి నా పేరు పెట్టాడు. ఆ పేరుతో వాణ్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే నాకు కాస్త హాయిగా ఉంటుంది.

నిన్న సాయంత్రం అలవాటుగా నా దగ్గరికి వచ్చాడు. నేను తిరగలేదు. "ఈ పొద్దు నువ్వు తిరుగప్పా," అన్నాను. మేస్త్రి అయ్యాక నేను ఎవరి వీపూ దులపలేదు. చెయ్యి వేస్తే, బస్తాల కింద ఎడమ భుజం ఎంత దిగిపోయిందో తెలిసింది. వీపు మీద దూది లేదు. ఎలా ఉంటుంది, అతను మిషను మీద లేడు కదా? గోనె పీచు ఉంది, గింజల దుమ్ము ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. అతను చక్కిలిగింతలు పెట్టొద్దంటూ మెలికలు తిరిగి నవ్వాడు. గేటంతా నవ్వింది. నేనూ నవ్వాను. చెప్పలేదు.

మీకు చెప్పాను. వెనక వాకిలి నుంచి తీసుకెళ్లింది నేనే. దీనికి నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు బస్తాలు మొయ్యలేదు. కానీ ఈ మాట రాశాక ఇవాళ అన్నం సయించింది. మా ఆవిడ రెండోసారి వడ్డిస్తూ, ఏంది సంగతి అని అడిగింది.