టిష్యూ ప్యాకెట్ వేసిన సీటు

సింగపూర్‌లో ఒక ఆదివారం పొద్దున, యూ టీ స్టేషన్ దగ్గర, వరసగా తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో ఖాళీ టేబుల్ కనిపించగానే దోసె ప్లేటుతో కూర్చున్నాను. టేబుల్ మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ ప్యాకెట్ ఉంటే, అందులోంచి ఒకటి తీసుకుని చెయ్యి తుడుచుకుంటూ అక్కతో ఫోన్లో మాట్లాడాను.

నా తెలుగు విన్నట్టున్నారు, కాఫీ పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు. "అది నాదేనమ్మా. ఇక్కడ టిష్యూ పెడితే సీటు చోప్ చేసినట్టు. మన బస్సుల్లో కర్చీఫ్ వేస్తారే, అట్టా."

లేవబోతే కూర్చోమని, ఎదురుగా కూర్చుని ఫోన్ నిలబెట్టారు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ వస్తోంది. ఆడుతున్నది ఆయన చదివిన యూనివర్సిటీ అట.

"గెలుస్తారా అంకుల్?"

"గెలిచి ఏం లాభం? ఛాంపియన్‌షిప్‌కి ఎవరు ఆడాలో గదిలో కూర్చున్న కమిటీ తేలుస్తది. పోయినేడు మా చేతిలో ఓడినోళ్ళని పిలిచారు, మమ్మల్ని పిలవలా. పేరున్నోళ్ళకి ఆడకముందే సీటు. గ్రౌండులో గెలిచినోడికి కదా ఇయ్యాల్సింది?"

నేను టిష్యూ ప్యాకెట్ వైపు చూశాను. ఆయనా చూశారు. నవ్వాపుకోలేక కాఫీ ఒలకబోసుకున్నారు. ప్యాకెట్ జేబులో వేసుకుని, ట్రేతో చోటు వెతుక్కుంటున్న ఒక చైనీస్ ఆంటీని పిలిచి పక్కన కూర్చోబెట్టారు.

అంతలో వాళ్ళ టీమ్ స్కోర్ చేసింది. ఆయన లేచి చప్పట్లు కొడితే, ఏమీ తెలియని ఆంటీ కూడా కొట్టింది.

కాసేపటికి నా వైపు వంగి మెల్లగా అన్నారు.

"అయినా ఈ ఏడు ఆ కమిటీ మాకోసం ఒక్క కర్చీఫ్ వేసి ఉంచితే బాగుంటదమ్మా."