మా ఆయన తరఫు జవాబులు

మా ఆయన్ని ఎవరు ఏమడిగినా జవాబు నేనే చెబుతాను. పార్టీలో ఎవరైనా "అన్నయ్యగారూ, ఇంకొంచెం పప్పు వెయ్యనా?" అంటే, "వద్దు వదినా, రాత్రిపూట ఆయనకి పడదు" అని నా నోరే ముందు లేస్తుంది. ఈ దేశంకాని దేశంలో, మా చాండ్లర్ ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళం సగంమంది ఇంతే కాబట్టి ఎవరికీ వింతగా ఉండదు. "బావగారు నోరు ఇంట్లో మర్చిపోయి వచ్చినా పార్టీ గడిచిపోతుంది" అంటుంది మా చెల్లెలు.

అలాంటిది, ఒక ఏడాది వేసవిలో ఆయన నిజంగానే మాట్లాడటం మానేశారు. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి వచ్చి, కారు గరాజ్‌లో పెట్టి, దిగకుండా అందులోనే కూర్చునేవారు. పిలిస్తే వచ్చేవారు. పెడితే తినేవారు. అన్నం బాగుందో లేదో కూడా ఆ ముఖంలో తెలిసేది కాదు. నాకు భయం వేసేది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, కాబట్టి ఇల్లంతా నా అరుపులే.

షుగర్ చెకప్‌కి వెళ్ళినప్పుడు మా ఫ్యామిలీ డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి, ఆయన్ని ఏవేవో ప్రశ్నలు అడిగింది. సగానికి పైగా నేనే చెప్పాననుకోండి. అంతా విని, ఇది డిప్రెషన్ అంది. నాకు ఒళ్ళు మండింది. షుగర్ చూడమంటే మనసు చూస్తుందేమిటి ఈవిడ! ఇక సైకియాట్రిస్టు దగ్గరికి పొమ్మంటుంది, అపాయింట్‌మెంట్ దొరికేసరికి దీపావళి వస్తుంది అనుకున్నాను. ఆవిడ అలా అనలేదు. పక్క గదిలోంచి ఒక అమ్మాయిని పిలిచి, "ఈమె కేర్ మేనేజర్, వారం వారం మీకు ఫోన్ చేస్తుంది" అంది. మందు ఈ డాక్టరే రాస్తుందట. మా ఆయన ఎలా ఉన్నారో ఆ అమ్మాయి కనుక్కుని ఒక సైకియాట్రిస్టుకి చెబుతుందట. మందులో ఏం మార్చాలో ఆ సైకియాట్రిస్టు మా డాక్టరుకి చెబుతాడట. మేము చూడనే చూడని ఆ సైకియాట్రిస్టుకి నేను తెరవెనక పెద్దమనిషి అని పేరు పెట్టాను.

ఫోన్ వచ్చినప్పుడల్లా స్పీకర్‌లో పెట్టేదాన్ని.

నిద్ర ఎలా ఉంది? "బాగా పడుకుంటున్నారు." ఆకలి? "పెట్టింది తింటున్నారు." ఇష్టమైన పనులేమైనా చేస్తున్నారా? "క్రికెట్ చూస్తున్నారు." నా ఇంగ్లీషు మీద నాకు నమ్మకం ఎక్కువ, టకటకా చెప్పేసేదాన్ని. మా ఆయన పక్కనే కూర్చుని, ఎవరి గురించో వింటున్నట్టు వినేవారు. ఫోన్‌లో ఆయన వారం వారం కోలుకుంటున్నారు. గరాజ్‌లో మాత్రం ఎక్కడివారక్కడే.

చివరికి ఆ అమ్మాయి మా ఇద్దర్నీ క్లినిక్‌కి రమ్మంది. "మీ జవాబులు విని ఈ డోసే సరిపోతుందనుకున్నాం. కానీ ఆయన గొంతు నేను ఇంతవరకూ సరిగా వినలేదు. ఇవాళ ఆయన్నే చెప్పనివ్వండి, ప్లీజ్" అని ఎంతో మర్యాదగా అంది. మర్యాదగా అంటే మాత్రం చురక చురక కాకుండా పోతుందా! నోరు మూసుకుని కూర్చున్నాను.

"నిద్ర ఎలా ఉంది?" అని అడిగింది. నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని బలవంతాన ఆపుకున్నాను. ఆ అమ్మాయి కూడా తొందరపెట్టలేదు, అలా చూస్తూ కూర్చుంది.

"నిద్ర లేదు," అన్నారు చాలాసేపటికి. "కళ్ళు మూసుకుని పడుకుంటాను. లేకపోతే ఈవిడ కంగారుపడుతుంది."

పక్కన పడుకున్న మనిషి నాకోసం నిద్ర నటిస్తుంటే, ఆ నటన చూసి నేను ఊరందరికీ బాగున్నారని చెబుతున్నాను. ఏడుపొచ్చింది. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని కూడా ఆ అమ్మాయి సూటిగా అడిగింది. అలాంటివేం లేవని ఆయన వెంటనే అన్నారు. నేను అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. క్రికెట్ సంగతి వచ్చేసరికి, "టీవీ ఆవిడే పెడుతుంది" అన్నారు. అదొకటి!

ఆ వారమే తెరవెనక పెద్దమనిషి సలహాతో డాక్టరు మందు డోసు పెంచింది. రోజూ ఒక చిన్న పని ఆయన తనంతట తాను ఎంచుకుని చేయాలని ఆ అమ్మాయి చెప్పింది. పొద్దున్నే కాలవ గట్టున నడుస్తానన్నారు. నేనూ షూస్ వేసుకోబోతే, "ఒక్కణ్ణే వెళ్తా" అన్నారు. సరే, మింగాను. ఫోన్ వచ్చే వేళకి నేను పెరట్లోకి వెళ్ళి కరివేపాకు మొక్కకి నీళ్ళు పోసేదాన్ని. లోపల ఏం చెబుతున్నారో వినాలని ప్రాణం కొట్టుకునేది. ఆ మొక్క నా చేతిలో మునిగి చావకుండా బతికిందంటే దాని అదృష్టం. మొదట్లో ఆ ఫోన్లు ఇట్టే అయిపోయేవి. రానురాను మొక్క కింద మడుగు కట్టేది.

ఎండలు తగ్గాక మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. "ఆకలి ఎలా ఉంది?" అంది. నేను పెదాలు బిగించాను.

"ఆకలికేం, బ్రహ్మాండంగా వేస్తోంది," అన్నారు మా ఆయన. "తినడానికే ఏం లేదు. షుగర్ పేరు చెప్పి ఇన్నాళ్ళుగా చప్పిడి సొరకాయ పెడుతోంది. ఉప్పుండదు, కారముండదు. నిన్నటి పులుసైతే మరీ ఘోరం." డాక్టరు నవ్వు ఆపుకుంటోంది. ఆయన ఆగలేదు. బీరకాయ మీదికి వెళ్ళారు. నా వంటకి అన్ని వంకలుంటాయని నాకే తెలియదు. కళ్ళు తుడుచుకుంటూ అన్నీ విన్నాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ తిట్లు తినలేదు.

కారు నేనే డ్రైవ్ చేశాను. "డాక్టరు ముందు నా పరువు తీస్తారా?" అన్నాను.

"అడిగింది నన్నేగా!"

"అడిగితే? ఆ పులుసు రెండుసార్లు వేసుకున్నది ఎవరండీ?"

"ఇంకేం లేక వేసుకున్నా!"

మా వీధికి కుడివైపు తిరగాలి. నేను తిరగలేదు. ఇంకాసేపు దెబ్బలాడుకోవచ్చని తిన్నగా పోనిచ్చాను.