చెరుకాకు అడుగున కందిరీగ

"రేపు ఆదివారం తోటకు మందు కొట్టేస్తా ఉండాం. నీ పురుగుల ఫోటోలేవో ఆ లోపలే వచ్చి తీసుకో" అని మా పెద్దమ్మ కూతురు శారదక్క ఫోన్ చేసింది. కొడవలూరు దగ్గర వాళ్లకు ఎకరం చెరుకు ఉంది. రసం బండ్లవాళ్లు వచ్చి కొనుక్కుపోతారు. ఈసారి ఆకుకు దోమ, అంటే రసం పీల్చే చిన్న పురుగు, పట్టింది. అది విసర్జించే తీపి జిగురు మీద మసిలాంటి బూజు పెరిగి గడలు నల్లబడుతున్నాయి. నల్లగడ ఎవరూ కొనరు. మందు కొడితే కొన్ని వారాలు కోయకూడదు. ఎటు చూసినా నష్టమే. ఫోన్‌కు తగిలించే చిన్న భూతద్దం సంచిలో వేసుకుని శనివారం పొద్దున్నే బయల్దేరాను.

నెల్లూరు బస్టాండులో కావలి వైపు వెళ్లే ఆర్డినరీ బస్సు ఎక్కితే ముప్పావు గంటలో కొడవలూరు. అక్కడ్నుంచి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. దారికి రెండు పక్కలా వరే. పురుగులు చూడటానికి వచ్చానంటే ఆటో అతను నవ్వాడు. "దానికి ఇంతదూరమెందుకు మేడమ్, మా ఇంట్లో బియ్యం డబ్బా చూపిస్తా గదా!"

తోట గట్టు మీద అక్క భర్త రమణయ్య బావ అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెల్లనూగు అంటుకున్న ఆకులన్నీ ఒలిచి కుప్ప పోశాడు. "గుడ్లన్నీ దీంట్లోనే ఉండాయి. తగలబెడితే పీడ పోద్ది."

"ఒక్క ఆకు చూసుకోనీ బావా" అని లాక్కున్నాను. నూగు తొలగించి అద్దం పెడితే వరసగా గుడ్లు. కొన్ని లేతాకుపచ్చగా, ఎక్కువ నల్లగా. చూస్తుండగానే ఒక నల్లగుడ్డుకు గుండ్రటి చిల్లు పడింది. అందులోంచి మీసాలు, తల, తర్వాత నలుసంత ఒళ్లు. కందిరీగల్లోని బుల్లి రకం! దోమ గుడ్డు లోపలే పుట్టి, ఆ గుడ్డునే తిని పెరిగింది; గుడ్డు నల్లబడింది అందుకే. రెక్కలు తుడుచుకుని, తన గుడ్డు పెట్టడానికి పక్క గుడ్డు మీదికి నడిచింది. ఫోటో తీయాలన్న ధ్యాసే లేదు నాకు.

ఫోన్ బావకిచ్చాను. చాలాసేపు చూశాడు. "ఓర్నీ! ఇంకోటి వస్తా ఉండాది." అగ్గిపెట్టె జేబులోకి పోయింది. "మరి తోటంతా ఇవి ఉంటాయా?"

తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

"నీకు తెలీదు, ఈయన ఆగడు. నడవండి, చూద్దాం" అంది మా వెనకే నిలబడి వింటున్న అక్క. రోడ్డు వైపు గుడ్లు చాలావరకు నల్లవే. బోరు పక్కన మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి. కందిరీగలు అక్కడికీ చేరాలని నల్లగుడ్లున్న ఆకుముక్కల్ని అలాంటి చోట కడతారని ఎక్కడో చదివాను. పని చేస్తుందో లేదో హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను.

"నిన్ను నమ్మి తోట పోతే ఆ నల్లరసం నువ్వే తాగాల, మరదలా."

"వారం ఆగలేవా అయ్యా నువ్వు?" అని అక్క ఇంట్లోంచి దారపుండ తెచ్చింది. ఆ కుప్పలోంచి ఏరిన ముక్కల్ని మధ్యాహ్నం దాకా ముగ్గురం కడుతూనే ఉన్నాం.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. బోరు పక్కన కూడా గుడ్లు నల్లబడటం మొదలైందట. గడల మసి మాత్రం ఇంకా పోలేదు. "మందు డబ్బా మూత తీయలేదులే" అంది. అంతా మేం కట్టిన ముక్కల వల్లేనా, కందిరీగలు వాటంతటవే అటు వెళ్లేవా అని నాకిప్పటికీ అనుమానమే. మేం ముగ్గురం లేకపోయినా ఆ ఆకుల కింద ఆ పని జరుగుతూనే ఉంది. మేం చేసిందల్లా దానికి నిప్పు పెట్టకపోవడమే.

మీరూ ఇలాంటి తోటకు వెళితే నిండుచేతుల చొక్కా వేసుకోండి. చెరుకాకు అంచు చర్మాన్ని కోసేస్తుంది, ఆ మంట ధ్యాసలో పడితే దేన్నీ తీరిగ్గా చూడలేరు.