అటు కొట్టొద్దు

బొమ్మసంద్రలో బస్సెక్కి, ఇంటర్వ్యూకి వెళ్తున్న తమ్ముడికి ఫోన్ చేశాను. "పోయినసారిలా తడబడొద్దురా" అని చెప్పి పెట్టేశాను. పక్క సీట్లోని ముసలాయన నా మోచెయ్యి తట్టాడు.

"ఏం చేయాలో చెప్పప్పా. వద్దన్నావంటే మనసు దాన్నే పట్టుకుంటాది."

అడక్కుండా సలహాలిచ్చేవాళ్లంటే నాకు పడదు. "మీరు టీచరా?" అన్నాను, కాస్త పెడసరంగానే.

కాదట. ముప్పై ఏళ్లు గోల్ఫ్ ఆటగాళ్ల వెంట సంచి మోసిన క్యాడీ. మోయడం సగం పనేనట, కొట్టబోయే ముందు ఆటగాడికి చెప్పే మాట మిగతా సగం. ఒకతని దగ్గర ఆరేళ్లు చేశాడు. ఒకసారి పెద్ద పోటీ జరిగింది. అందులో చివరి హోల్ సరిగ్గా ఆడితే, మరుసటి ఏడాది టోర్నమెంట్లలో అతనికి చోటు దక్కుతుంది.

"వాడు స్టిక్ తీస్తా, మళ్లీ సంచిలో పెడతా ఉండినాడు. అది చూసి నాకూ భయమేసింది. ఎడమ పక్క నీళ్లుండాయి, అటు కొట్టొద్దని అనేసినా. ఆరేళ్లలో ఎప్పుడూ అట్ల వద్దని అనలేదు. నేరుగా నీళ్లలోకే కొట్టినాడు. దానికి బదులు రెండో బంతి పెట్టి కొట్టినాడు, అదీ నీళ్లలోకే."

"తర్వాత?"

"స్టిక్ పట్టుకుంటే చాలు, నీళ్లే కనపడేవంట. ఆట మానేసినాడు. ఆ మీదట మాట్లాడేది కూడా మానేసినాడు. ఇప్పుడు ఆనేకల్‌లో వాళ్లక్క ఇంట్లో ఉండాడు. ఆదివారమైతే పోతా. తలుపు తీయడు."

ఆయన చేతిలో అరటిపళ్ల సంచి ఉంది. ఏదో ఒకటి అనాలనిపించింది.

"మీ తప్పేం లేదండీ. దాని గురించి ఇక ఆలోచించకండి."

ఆయన సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"రెండో బంతి పెట్టేటప్పుడు నేనూ వానికి ఇదే చెప్పినానప్పా."