మేత ముట్టని మోటారు

నా రెండు ఎనుములను అమ్మి మా ఆయన పడవ మోటారు కొన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని సామెత. మా ఇంట్లో ఆ అల్లుడి పాత్ర మొగుడే పోషించాడు. ఆ రెండింటినీ దూడలప్పటి నుంచి సాకింది నేను, పాలు పిండింది నేను, నంద్యాలలో మా వీధి వీధంతటికీ పోసింది నేను. అమ్మే రోజు మాత్రం పలుపు ఆయన చేతిలో ఉంది.

అప్పటిదాకా ఆయన మార్కెట్లో ఒక చేపల అంగడిలో పనిచేసేవాడు. వెలుగోడు రిజర్వాయర్లో పుట్టీల మీద, అంటే తెడ్డేసే గుండ్రటి బుట్ట పడవల మీద, వలలు వేసేవాళ్లు గట్టుకు చేరేసరికి ఎండెక్కి చేప మెత్తబడుతోందని, తానే మోటారు పడవలో ఎదురెళ్లి కొనుక్కొస్తే అందరికంటే ముందు మార్కెట్‌కు చేర్చవచ్చని లెక్క వేశాడు. ఆలోచన చెడ్డది కాదు. నేనూ సరేనన్నాను. ఈ మోటారు నడవకపోతే మాకు పాలూ లేవు, చేపలూ లేవు. అది నాకు తెలిసినంతగా ఆయనకు తెలియదు.

పడవ బాడుగకు దొరికింది. మోటారు మాత్రం కోస్తా నుంచి వచ్చింది, పాతది. ఇలాంటి ఇంజన్లకు పెట్రోలుతో పాటు నూనె కూడా అందాలి, లేకపోతే లోపల ఒరుసుకుని పట్టేస్తుంది. పాత పద్ధతిలో నూనెను పెట్రోల్లో చేత్తో కలిపి పోస్తారు. మా మోటారుకు ఆ బాధ లేదట. నూనెకు వేరే ట్యాంకు ఉందట, ఎంత కావాలో అంత అందులోని పంపు తానే లాక్కుంటుందట, ట్యాంకు ఖాళీ అవుతుంటే బజర్ మోగి మరీ చెబుతుందట. ఈ ‘అట’లన్నీ అమ్మినవాడివి. ఆ మహానుభావుడు రెండు క్యాన్ల పెట్రోలు కూడా ఊరికే ఇచ్చి పంపాడని మా ఆయన పొంగిపోయాడు.

ఆ పెట్రోలుతో పడవ బాగానే తిరిగింది. కొన్నాళ్లకు మా ఆయన టీ అంగడి దగ్గర ఒక కొత్త గొప్ప మొదలుపెట్టాడు.

“పోసిన నూనె పోసినట్టే ఉండాదప్పా! ఒక్క చుక్క తగ్గలా. ఏం మిషనప్పా అది!”

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆ టీ అంగడి జనం. అందరూ తలలూపారు. ఒకాయన అయితే తన మోటారు సైకిల్‌కు కూడా అలాంటి పంపు దొరుకుతుందా అని అడిగాడట. ఇంటికొచ్చి ఆ మాట నాకూ చెప్పాడు.

“మేత ముట్టని గొడ్డును చూసి ఎవురన్నా సంబరపడతారా? దానికి రోగమొచ్చిందని లెక్క,” అన్నాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. “మోటారుకూ ఎనుముకూ తేడా తెలీదు దీనికి,” అని మరునాడు టీ అంగడిలోనూ చెప్పి వాళ్లనూ నవ్వించాడు.

ఆళ్లగడ్డలో మా అన్నకు ఒక షెడ్డు ఉంది. చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు, పాత బండ్లు బాగుచేస్తాడు. పిలిపించాను. అన్న వచ్చి నూనె ట్యాంకు చూశాడు. అమ్మినవాడిచ్చిన క్యాన్లో మిగిలిన పెట్రోలు కాస్త అరచేతిలో పోసుకున్నాడు. పెట్రోలు ఆరిపోయాక చెయ్యి జిడ్డుగా మిగిలింది.

“ఇది నూనె కలిపిన పెట్రోలు. అందుకే నడిచింది. అమ్మినోడే పంపును నమ్మలా, నువ్వు నమ్ముతాండావా బావా?” అన్నాడు.

ఆ ఒక్క మాట అని ఊరుకుంటే మా అన్న ఎందుకవుతాడు? పంపులన్నీ దండగని, చేత్తో కలపడం చేతకాని సోమరులకే అవి కావాలని, గంటసేపు ప్రసంగం చేశాడు. మా ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. “మందు కొట్టే మిషన్లు తిప్పేటోడివి, నీకు బోటు మోటారు ఏం తెలుసప్పా?” అన్నాడు. అన్న కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. పోతూ పోతూ నా పాల కొలతగిన్నె లోపల మేకుతో గీత గీసి, క్యానుకు ఇంత నూనె కలుపు అని నాకు చెప్పాడు.

అప్పటి నుంచి క్యాన్లలో నూనె కలిపే పని నాదైంది. నా ఎనుముల పాలు కొలిచిన గిన్నెతోనే కొలిచేదాన్ని. పోసి, క్యాను బాగా కుదిపి, గుమ్మం పక్కన పెట్టేదాన్ని. ఆయన చూడలేదా? చూశాడు. “నీ పిచ్చి నీది,” అన్నాడు. పడవ నడుస్తూనే ఉంది, ట్యాంకులో నూనె తగ్గకుండానే ఉంది, టీ అంగడిలో పంపు ఘనత పెరుగుతూనే ఉంది. తాను కూస్తేనే తెల్లవారుతుందనుకునే కోడి ఊళ్లో ఒకటి ఉంటుంది కదా, మా పంపు అలాంటిది.

ఆ ఎండాకాలం మా అమ్మకు జ్వరం తగ్గడం లేదని ఫోనొస్తే ఆళ్లగడ్డకు బయలుదేరాను. గడప దాటేముందు చెప్పాను, అరటిపండు వలిచినట్టు చెప్పాను.

“కలిపిన క్యాన్లు మూలన ఉండాయి. అవి అయిపోతే నువ్వే కలుపుకో. గిన్నెలో గీత ఉండాది.”

“పంపు ఉండంగా కలిపేదేంది మే? నువ్వు బేగా పో, బస్సు పోతాది,” అన్నాడు.

కలిపినవి అయిపోయాయి. బంకు నుంచి తెచ్చిన పెట్రోలు తెచ్చినట్టే పోశాడు. ఐసు పెట్టె నిండా చేపలతో రిజర్వాయర్ నడిమధ్యలో ఉండగా మోటారు ఒక్కసారి కీచుమని పట్టేసింది. బజర్ మోగలేదు. ఎందుకు మోగుతుంది? దానికి తెలిసిందల్లా ట్యాంకులో నూనె ఉందా లేదా అన్నదే, ట్యాంకు నిండుగానే ఉంది. తిండి కళ్లముందు ఉంటే చాలు కడుపు నిండినట్టే అనుకునే తెలివి దానిది. ఎవరి పుట్టీలను నత్తలని రోజూ వెక్కిరించాడో, వాళ్లే తాడు కట్టి తెడ్లు వేసుకుంటూ ఆయన్ను గట్టుకు లాక్కొచ్చారు. ఐసు కరిగిపోయింది, చేపలు కంపుకొట్టాయి.

నేను తిరిగొచ్చేసరికి మా అన్న నాకంటే ముందే వచ్చి ఇంజను విప్పి కూర్చున్నాడు. పిస్టను నిండా గీతలు. మా ఆయన ముఖం వేలాడేసి ఉంటాడనుకున్నాను. లేదు. ఇద్దరూ ఎంతో అన్యోన్యంగా ఉన్నారు.

“పంపు నమ్మించి గొంతు కోసింది బావా,” అంటాడు మా ఆయన.

“నేను చెప్పలా? చేత్తో కలిపిందే నమ్మకం,” అంటాడు అన్న.

ఏ చేత్తో కలిపితే అన్నాళ్లు నడిచిందో ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ చేత్తోనే వాళ్లకు టీ ఇచ్చాను. ఒళ్లు మండిపోయింది. పంపా, కలపడమా అని ఊరంతా వాదించుకుంది. వీళ్ల చేతిలో పడితే ఏదైనా ఒకటే.

“బాగుచేసి అమ్మేయండి. నా ఎనుములు నాకు కావాల,” అన్నాను. ఆ రోజు నా ముఖం ఎలా ఉందో ఏమో, ఇద్దరూ మళ్లీ ఇంజను మీదికి వంగారు.

కొనడానికి వచ్చినాయన పంపు పనిచేస్తుందా అని అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోపు నేనే అన్నాను. “చచ్చింది. చేత్తో కలుపుకోవాల. కలపకుంటే నీటి నడమ నిలబడతావ్.” నిజం చెప్పినందుకు ధర పడిపోయింది. రెండు ఎనుములను ఇచ్చి ఒక్కదాన్ని తెచ్చుకున్నాను. మా ఆయన మళ్లీ చేపల అంగడి పనికి పోయాడు.

ఒకరోజు పాల గిన్నెను బూడిదతో తోముతున్నాను. అన్న గీసిన గీత ఇంకా పోలేదు. వీధిలో మా ఆయన గొంతు వినబడింది, ఎవరితోనో గొప్పలు పోతున్నాడు.

“మా ఎనుము బంగారమప్పా! పొద్దున ఏసిన సొప్ప ఏసినట్టే ఉండాది. మేత ఖర్చే లేదనుకో!”

గిన్నె అక్కడే పడేసి కొట్టంలోకి పరిగెత్తాను. గాడిలో జొన్నసొప్ప నిజంగానే అలాగే ఉంది. ఎనుము చెవులు వేలాడేసి నిలబడింది, ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. ఆయన నా వెనకే వచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశానంతే.

ఈసారి నవ్వలేదు. చెప్పులైనా వేసుకోకుండా పశువుల డాక్టరు కోసం పరిగెత్తాడు.